వెనక్కమ్మ వెతికిన పచ్చ వెలుగు

ఆమెకు వెనక్కమ్మ అని పేరు పెట్టిందెవరో ఎవరికీ తెలియదు. పెట్టినవాడి తప్పేమీ లేదు. ఆరేళ్ళుగా ఆ పరిశోధనశాలలో ఎవరు కనపడినా ఆమె చెప్పేది ఒకటే మాట: "వెలుగు ముందుకు రాదండీ, వెనక్కి వస్తుంది." టీ మిషను దగ్గర చెప్పేది. మెట్ల మీద చెప్పేది. ఒకసారి లిఫ్టు మధ్యలో ఆగిపోతే, అందులో తనతో పాటు ఇరుక్కున్న అకౌంట్సాయనకు తలుపు తెరుచుకునేదాకా చెప్పింది. ఆయన ఆ తరవాత మెట్లెక్కడం అలవాటు చేసుకున్నాడు. ఒంటికి మంచిదని బయటికి చెబుతాడు.

మనిషి చెడ్డది కాదు. యాభైకి దగ్గర పడుతున్నా నడకలో పరుగుంటుంది. తలుపు గడియ సరిగా పడకపోతే తలుపుతోనే వాదన పెట్టుకునే రకం. పక్క గదిలో పంపు చెడిపోతే "మీకు చేతులు లేవా, నేనొచ్చి చెయ్యాలా" అని తిడుతూ వెళ్ళి, బాగుచేసి, తిడుతూ తిరిగొచ్చేది. ఆమె తిట్టకుండా ఏదైనా పని చేసిపెడితే ఒంట్లో బాగాలేదేమోనని అందరూ కంగారుపడేవారు.

ఆమె గదికి కిటికీ లేదు. నడుమ పెద్ద ఉక్కు బల్ల. దాని నిండా వరసగా చిల్లులు, ఆ చిల్లుల్లో మరలతో బిగించిన అద్దాలు, కటకాలు. ఒక చివర లేజరు. బల్ల మధ్యలో, చిన్న బిగింపులో, గోరంత గాజు పలక. ఆ పలక మీద నువ్వుగింజంత మేర ఒక మరక ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తుడవబోతారు. అది మరక కాదు, వల. వెండి పొర మీద పారదర్శకమైన పొర, దాని మీద మళ్ళీ వెండి పొర, అలా పేర్చి, ఆ దొంతర మొత్తానికీ చేపల వలకు ఉన్నట్టు చిల్లులు పొడిచిన వస్తువు. ఒక్కో చిల్లు కాంతి అల కన్నా సన్నం.

మామూలు గాజులోకి వెళ్ళిన కాంతి ఒక పక్కకు వంగుతుందనుకుంటే, ఈ వలలోకి వెళ్ళిన కాంతి అందుకు ఎదురుపక్కకు వంగుతుంది. భూమిలో దొరికే ఏ రాయికీ ఆ గుణం లేదు. అందుకే మనిషి కూర్చుని అల్లుకోవాలి. అంతవరకు పుస్తకాల్లో ఉన్నదే. వెనక్కమ్మకు కావలసింది ఆ తరవాత జరిగేది. కాంతి బలంగా కొడితే ఏ పదార్థమూ ఊరికే కూర్చోదు. రెండు అలలను పట్టుకుని కలిపి ఒక్కటి చేస్తుంది. లేజరు నుంచి వెళ్ళేది కంటికి కనపడని పరారుణ కాంతి. అందులో రెండు కలిస్తే ఆకుపచ్చ కాంతి పుడుతుంది. మామూలు స్ఫటికంలో ఆ పిల్ల తల్లి వెంటే ముందుకు పోతుంది. ఈ వలలో మాత్రం తల్లి చెయ్యి విడిపించుకుని వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఇదీ వెనక్కమ్మ లెక్క.

లెక్కలో తప్పులేదని అందరూ ఒప్పుకున్నారు. పచ్చ వెలుగే ఒప్పుకోలేదు.

వెనక్కి వచ్చే కాంతిని పట్టి పక్కకు తిప్పడానికి దారిలో పరారుణాన్ని పోనిచ్చే ఒక అద్దం, ఆ పక్కన చీకటిలో కెమెరా పెట్టి, దాని తెర ముందు ఆమె ఆరేళ్ళు కూర్చుంది. తెర నల్లగానే ఉంది. పరిశోధనశాల పెద్దాయన నడవాలో ఎదురైనప్పుడల్లా "ఏం వచ్చింది?" అని అడుగుతాడు. అడిగి ఆగడు. జవాబు చెప్పేలోపు మలుపు తిరిగిపోతాడు. ఆమెకు ఒళ్ళు మండేది. జవాబు వినని మనిషి ప్రశ్న ఎందుకు అడగాలి?

తన లెక్క సరైనదే, లేజరు సరైనదే, కెమెరా కొత్తది. ఇక మిగిలిందేమిటి? వల. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనుకునేవాళ్ళకు నాలుగో కాలు ఎప్పుడూ పక్కవాడి దగ్గరే ఉంటుంది.

ఆ వలలు చేసేది కింది అంతస్తులో క్లీన్‌రూమ్‌లో పనిచేసే ఒక పెద్దమనిషి. అందరూ వలాయన అంటారు. క్లీన్‌రూమ్ అంటే దుమ్ము కణం కూడా లోపలికి రాకుండా కట్టిన గది. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సూటు వేసుకుని, కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా, ఆయన పొర మీద పొర వేస్తూ, అయాన్ల సూదితో, అంటే విద్యుత్ కణాల సన్నటి ధారతో, చిల్లులు పొడుస్తూ ఉంటాడు. ఒక్కో వలకు నెలలు పడుతుంది. మాట తక్కువ. వల పూర్తయితే చిన్న డబ్బాలో పెట్టి, రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు ఆమె గది గుమ్మం దాకా తెచ్చి ఇచ్చి వెళ్ళిపోతాడు. లోపలికి రాడు. రమ్మని ఆమె ఎప్పుడూ అనలేదు. తన గదిలో ఇంకొకరి ఊపిరి తగిలితే అద్దాలు కదులుతాయని ఆమె నమ్మకం.

మొదటి వలకు ఆమె "చిల్లుల అంచులు గరుకుగా ఉన్నట్టున్నాయండీ" అని మెల్లగా అంది. మూడోదానికి ఆ మెత్తదనం పోయింది. నాలుగోదానికి "కళ్ళు పరీక్ష చేయించుకున్నారా" అంది. ఆరోదానికి ఆయన్ని ఏమీ అనలేదు, నేరుగా క్లీన్‌రూమ్ సూపర్‌వైజరు దగ్గరకే వెళ్ళింది. ప్రతిసారీ వలాయన తల వంచుకుని విని, మళ్ళీ పనికి కూర్చునేవాడు. ఎదురు చెబితే బాగుండును. పోట్లాడితే ఇంకా బాగుండును. ఆ మౌనం చూస్తే ఆమెకు తల ప్రాణం తోకకు వచ్చేది.

ఏడో వల వచ్చింది. తెర నల్లగానే ఉంది. అప్పుడు సూపర్‌వైజరు ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు.

"చూడండి మేడం, ఆయనకు వయసైపోయింది. పైగా మీరు ఇన్నిసార్లు చెప్పారు. శుక్రవారం మీటింగు పెడుతున్నాను. వల తప్పేనని మీరొక్క మాట అంటే, ఆయన్ని సామాన్ల గదికి మార్చేస్తాను. అక్కడ పెట్టెలు సర్దుకుంటూ ఉంటాడు. ఈ యంత్రం ఇంకొకరికి ఇస్తాను."

"నేనే చెప్పాలా?"

"మీరే కదా ఏడాదిగా చెబుతున్నారు."

ఆమెకు ఆ మాట గుచ్చుకుంది. సామాన్ల గది ఆమెకు తెలుసు. అట్టపెట్టెల వాసన, పగిలిన కుర్చీలు, పైకప్పు దగ్గర ఒకే దీపం. కంటికి కనపడని చిల్లులు పొడిచే చేతులు అక్కడ టేపు అంటించుకుంటూ ఉండాలి. కానీ వల తప్పైతే తప్పే. అబద్ధం ఎలా చెబుతుంది?

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారు అలవాటు ప్రకారం మొదలుపెట్టింది. చుట్టాలందరికీ ఆవిడ "మా కోడలు దీపాల ఆఫీసులో పనిచేస్తుంది" అని చెబుతుంది. దీపాలు కాదత్తయ్యా అని వెనక్కమ్మ నెత్తీ నోరూ బాదుకున్నా లాభం లేకపోయింది.

"ఇంతకీ వెలిగిందా?" అంది అత్తగారు.

"లేదు."

"ఆ వెనక్కి రావడమేంటో నాకు ఇప్పటికీ తెలీదే. ఇంకోసారి చెప్పు."

వెనక్కమ్మ చెంచా కింద పెట్టింది. "కాలవ చూశారు కదా అత్తయ్యా. నీళ్ళు ఇటు పారుతుంటాయి. ఎదురుగాలి కొడితే పైన అలలు మాత్రం అటు కదులుతాయి. ఆ వలలో కాంతీ అంతే. బలం ఇటు పోతుంది, అలలు అటు నడుస్తాయి. కొత్తగా పుట్టే పచ్చది అలల అడుగులో అడుగు వేస్తుంది. అందుకే వెనక్కి వస్తుంది."

"ఓసి, ఇంతేనా. అర్థమైంది. మరి రాదేం?"

ఈ ప్రశ్న పెద్దాయన అడిగితే విసుగొచ్చేది. అత్తగారు అడిగితే ఏడుపొచ్చింది. "వల బాగాలేదు. అల్లినాయన చేతిలో పనితనం పోయింది. శుక్రవారం ఆయన్ని తీసేస్తున్నారు. నేనే చెప్పాలట."

ఆమె భర్త డ్రైవింగు స్కూలు నడుపుతాడు. బ్రేకు అనుకుని ఆక్సిలరేటరు తొక్కేవాళ్ళ పక్కన రోజంతా నవ్వుతూ కూర్చునే మనిషి. ఆ ఓర్పంతా బయటే అయిపోయి ఇంటికి వచ్చేసరికి గరిటెడు కూడా మిగలదు. "నా దగ్గరకొచ్చే ప్రతివాడూ బండిదే తప్పంటాడు. గేరు గట్టిగా ఉందంటాడు, అద్దం వంకరగా ఉందంటాడు. ఆడలేక మద్దెల ఓడు," అన్నాడు పళ్ళెంలోంచి తలెత్తకుండా.

"అంటే నాకు పని రాదంటారా?"

"నేనెక్కడన్నాను? బండి నడిపి చూపిస్తే వాళ్ళు నోరు మూసుకుంటారు, అదీ చెబుతున్నాను."

ఆమె ఆ రోజు ఇక ఎవరితోనూ మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం గట్టిగా మాట్లాడాయి.

మర్నాడు పొద్దున్నే గదికి వెళ్ళి తలుపు వేసుకుంది. బండి నడిపి చూపించాలట, సరే. నడిపే చూపిద్దాం. పక్క గది నుంచి ఒక మామూలు స్ఫటికం అడిగి తెచ్చింది. కాంతి తగిలితే చాలు పచ్చగా వెలిగి చచ్చే రకం, బడిపిల్లల ప్రదర్శనల్లో పెట్టేది. వలను తీసి పక్కన పెట్టి, ఆ చోట స్ఫటికం బిగించింది. దాని వెనక ఒక బుల్లి అద్దం పెట్టింది, ముందుకు పోయే పచ్చ వెలుగు దానికి తగిలి వెనక్కి తిరిగి రావడానికి. అంటే ఇప్పుడు వెనక్కి పచ్చ వెలుగు వస్తోంది, అందులో అనుమానం లేదు. తన అద్దం దాన్ని పట్టుకుంటుంది, కెమెరా చూస్తుంది. చూస్తే, వెనక్కి వచ్చిన వెలుగును తన బల్ల పట్టగలదని రుజువవుతుంది. అప్పుడు తప్పు వలదే అవుతుంది, ఇక ఇంట్లో ఆయన మద్దెల గురించి మాట్లాడడు.

లేజరు కళ్ళద్దాలు పెట్టుకుంది. మీట వేసింది.

తెర నల్లగా ఉంది.

కేబులు మార్చింది. నల్లగానే ఉంది. కెమెరా మీద చెయ్యి వేసి, చెప్పకూడని మాట ఒకటి చెప్పి, దాన్నీ మార్చింది. నల్లగానే ఉంది. అప్పుడు ఒక తెల్ల అట్టముక్క తీసుకుని, లేజరు దూరేంత చిల్లు పొడిచి, దారి వెంబడి జరుపుతూ చూసింది. స్ఫటికం ముందు పెడితే అట్ట మీద చిల్లు చుట్టూ పచ్చ చుక్క, కళ్ళు జిగేలుమనేంత. కాస్త ఇవతలకు జరిపింది, ఇంకా ఉంది. ఇంకాస్త జరిపింది, లేదు. రెండింటి మధ్యలో ఉన్నది ఒకే ఒక్క వస్తువు. ఒక నల్లగాజు బిళ్ళ.

ఆ బిళ్ళ అక్కడికి ఎవరో దుర్మార్గుడు తెచ్చి పెట్టింది కాదు. ఆరేళ్ళ కిందట, మొదటి వారంలోనే, ఆమే పెట్టింది. లేజరులోంచి పరారుణంతో పాటు దాని సొంత పచ్చ వెలుగు కూడా రవ్వంత కారుతూ ఉంటుంది. అది వలకు తగిలి తిరిగొస్తే, అదే కొత్తగా పుట్టిన పచ్చ అని మోసపోవచ్చు. అందుకని పరారుణాన్ని వదిలి పచ్చను మింగేసే ఆ నల్లగాజును దారిలో పెట్టింది. ఎంత దగ్గరగా పెడితే అంత శుభ్రమని వలకు బెత్తెడు దూరంలోనే పెట్టింది. ఈ పని చేసే ప్రతివాడూ చేసేదే. చూడవచ్చిన ప్రతివాడూ "ఎంత నిజాయితీగా కట్టారండీ" అని మెచ్చుకున్నదే. ఎందుకంటే ప్రపంచంలో ప్రతి బల్ల మీదా పుట్టిన పచ్చ ముందుకు పోతుంది. వెనక ఏ గాజు ఉంటే ఎవడికి కావాలి?

ఒక్క ఈ బల్ల మీదే అది వెనక్కి రావాలి. ఆ సంగతి లోకమంతటికీ చెవులు చిల్లులు పడేలా చెప్పిన మనిషి, అది వచ్చే దారికి తానే గోడ కట్టి, గోడకు ఇవతల కూర్చుని ఎదురుచూసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందంటారే, అదీ నయం. ఆ తల్లి పిల్ల నోరు నొక్కలేదు.

ఆమె స్టూలు మీద కూలబడింది. మొదట లేజరు మీద కోపం వచ్చింది, పచ్చగా కారినందుకు. తరవాత మెచ్చుకున్నవాళ్ళ మీద వచ్చింది. తరవాత భర్త మీద, ఆయన మాట నిజమైనందుకు. ఆ వరసలో చివరకు తన దగ్గరకు వచ్చేసరికి కోపం కూడా మిగల్లేదు.

లేచి, నల్లగాజు బిళ్ళను ఊడదీసి, కాంతిని పక్కకు తిప్పే అద్దానికి అవతల, లేజరు వైపున బిగించింది. అక్కడైతే లేజరు మురికిని ఆపుతుంది, తిరిగొచ్చేదాని జోలికి పోదు. స్ఫటికం తీసి ఏడో వల పెట్టింది. మళ్ళీ మీట వేసింది.

తెర మధ్యలో పచ్చ చుక్క.

నమ్మలేదు. వలను పక్కకు జరిపి ఒట్టి గాజు పెట్టింది, చుక్క పోయింది. వల పెట్టింది, వచ్చింది. లేజరు బలాన్ని సగం చేసింది, చుక్క పావు వంతుకు పడిపోయింది. రెండు అలలు కలిసి పుట్టినదానికి అదే గుర్తు. ఎలా చూసినా అదే. వెలుగు వెనక్కి వస్తోంది. మొదటి రోజు నుంచీ వస్తూనే ఉండి ఉంటుంది.

నడవాలోకి వస్తే పెద్దాయన ఎదురయ్యాడు. "ఏం వచ్చింది?"

"వచ్చిందండీ," అంది ఆమె. ఆయన అప్పటికే మలుపు తిరిగిపోయాడు. ఆమె పిలవలేదు. మెట్లు దిగి సూపర్‌వైజరు గదికి వెళ్ళింది.

"శుక్రవారం మీటింగు అక్కర్లేదండీ. వలలు బాగానే ఉన్నాయి. తప్పు నా బల్ల మీద ఉంది, నేను పెట్టిందే."

సూపర్‌వైజరు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏడాదిగా నా ప్రాణం తీశారు కదండీ."

"తీశాను."

"ఏడూ బాగున్నట్టేనా?"

"అనే అనుకుంటున్నాను."

"అయితే ఆయన్ని కదపను. ఎక్కడివాడు అక్కడే ఉంటాడు. కానీ ఆ మాట ఆయనకు నేను చెప్పను. మీరే చెప్పుకోండి."

క్లీన్‌రూమ్ గోడకు పెద్ద గాజు పలక ఉంటుంది, దాని పక్కన లోపలివాళ్ళతో మాట్లాడే ఫోను. ఆమె గాజు మీద తట్టింది. తెల్ల సూటులోంచి రెండు కళ్ళు తిరిగి చూశాయి. ఆ కళ్ళల్లో బెదురు ఆమెకు స్పష్టంగా కనపడింది. ఇంతకుముందు కూడా ఉండే ఉంటుంది, తనెప్పుడూ చూడలేదు. వలాయన వచ్చి ఫోను ఎత్తాడు.

"అన్నయ్యా, ఒకసారి పైకి వస్తారా? మీకొకటి చూపించాలి," అంది. ఆయన్ని ఆ పిలుపుతో పిలవడం అదే మొదలు.

సూటు విప్పి, జుట్టు సర్దుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర అలవాటుగా ఆగిపోయాడు. "లోపలికి రండి," అంది. ఇన్నేళ్ళలో తన వలను ఎక్కడ పెడతారో, దానితో ఏం చేస్తారో ఆయన చూడలేదు. బల్లను చూశాడు. బిగింపులో వలను చూశాడు. తరవాత తెర మీద చుక్కను చూశాడు. ఆమె నల్లగాజు సంగతి మొత్తం చెప్పింది, తనను తాను ఎక్కడా వెనకేసుకు రాకుండా. సామాన్ల గదికి పంపరనీ చెప్పింది. ఆయన మొహం మీద కాస్త వెలుతురు వచ్చింది. తెరకు దగ్గరగా వంగి, ముక్కు తగిలేంత దగ్గర నుంచి చూశాడు.

"ఇది ఎన్నోదమ్మా?"

"ఏడోది."

"మూడోది పెట్టి చూడండి. అది ఇంతకు పదింతలు వెలుగుతుంది. నా చేత్తో అంత బాగా ఎప్పుడూ రాలేదు. ఇంట్లో కూడా చెప్పుకున్నాను."

మూడోది ఏమైందో ఆమెకు తెలుసు. అబద్ధం నాలుక చివరే ఉంది. ఇలాంటి వలలు వాటంతటవే కాలిపోతూ ఉంటాయి, అంటే ఆయన నమ్ముతాడు.

"మూడోది లేదన్నయ్యా."

"పగిలిందా?"

"కాల్చేశాను. తెర నల్లగా ఉందని ఒళ్ళు మండి, లేజరు బలం మొత్తం పెంచి, వెండి కరిగేదాకా దాని మీదే ఉంచాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. మీకు మాత్రం అదీ బాగా రాలేదనే చెప్పాను."

వలాయన నెమ్మదిగా తల ఊపాడు. కోప్పడలేదు. ఆయన కోప్పడితే ఆమె తట్టుకునేది, అందులో ఆమెకు చాలా అనుభవముంది. తెర మీద నుంచి చూపు తిప్పి అన్నాడు:

"మూడోది చేసినప్పుడు నాకు భయం లేదమ్మా. హాయిగా చేశాను. ఆ తరవాత సూది పట్టుకున్నప్పుడల్లా మీరేమంటారో అనే ఉండేది. భయపడుతూ పొడిస్తే అంచు గరుకవుతుంది. నాలుగోదాని నుంచీ అంచులు నిజంగానే గరుకుగా ఉన్నాయి. అది నాకు తెలుసు. అందుకే మీరు తిట్టినా ఏమీ అనలేకపోయాను."

"మళ్ళీ అలాంటిది చెయ్యలేరా?"

ఆయన తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. "తెలీదమ్మా," అన్నాడు. "చెయ్యి మునుపటిలా లేదు."

తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి వెళ్ళిపోయాడు. పచ్చ చుక్క తెర మీద నిలకడగా వెలుగుతూనే ఉంది. దాని వంక చూడటానికి ఆమెకు మొహం చెల్లలేదు.